ఆటిజం ఉన్న పిల్లల కోసం లైబ్రరీని సిద్ధం చేయడం ఎలా: సిబ్బందికి సమగ్ర మార్గదర్శి

పిల్లల విభాగం చూసుకునే లైబ్రేరియన్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆటిజం ఉన్న పిల్లలకు ఏదైనా ప్రోగ్రామ్ పెడదామనుకుంటున్నాం. ముందు ఏం కొనాలి?"

ముందు ఏమీ కొనకండి. నేను చేసిన మొదటి తప్పు అదే. రంగురంగుల బొమ్మలు, మెత్తటి చాపలు కొన్నాను, కథల గంట పెట్టాను, గేటు మీద పోస్టరు అతికించాను. మొదటి వారం నలుగురు పిల్లలు వచ్చారు. ముగ్గురు గుమ్మం దాటలేదు. లోపలికి వచ్చిన ఒక్క పాపా టాయిలెట్‌లో చేతులు ఆరబెట్టే మెషీన్ మోగగానే చెవులు మూసుకుని బయటికి పరుగెత్తింది. ఆ రోజు కథ మొదలుకానే లేదు.

వీళ్లలో చాలామందికి పుస్తకంతో పేచీ లేదు. ఎప్పుడు ఏం జరుగుతుందో తెలియకపోవడమే టెన్షన్. కాబట్టి ఈ గైడ్‌లో ఏ పని చూసినా దాని వెనక ఉన్నది ఒకటే: జరగబోయేది ముందే చెప్పడం, చెప్పినట్టే జరిగేలా చూడడం. అంచెల వరుస కూడా దాన్ని బట్టే పెట్టాను. కథల గంట ఎనిమిదో అంచెలో వస్తుంది, తొందరపడి అక్కడికి దూకకండి.

## 1. ఎవరికోసం చేస్తున్నారో తెలుసుకోండి

ఆటిజం ఒక్కో బిడ్డలో ఒక్కోలా కనిపిస్తుంది. ఒకరు గలగలా మాట్లాడతారు, కానీ ఎదుటివాళ్ల వంతు ఎప్పుడో పట్టుకోలేరు. ఇంకొకరు నోటితో ఒక్క మాటా అనరు, మీరు చెప్పేదంతా వింటూనే ఉంటారు. నాలుగేళ్లకే గడగడా చదివేసి, చదివినదాని అర్థం అడిగితే చెప్పలేని పిల్లలూ ఉంటారు. దాన్ని హైపర్‌లెక్సియా అంటారు. లైబ్రరీలో ఇలాంటి పిల్లలు తగులుతూ ఉంటారు. "ఇంత బాగా చదువుతున్నాడుగా, వీడికేం సమస్య" అనుకుని మనం పొరబడేది వీళ్ల దగ్గరే.

వెలుతురు, చప్పుడు, వాసన, స్పర్శ వీళ్లకు మనకు తెలిసినట్టు తెలియవు. మానసిక వైద్యులు నిర్ధారణకు వాడే డీఎస్‌ఎం-5, 2013లో వచ్చినప్పుడు, ఈ తేడాను ఆటిజం లక్షణాల జాబితాలోకి తీసుకుంది. తేడా రెండు వైపులా ఉంటుంది. కుర్చీ జరిపిన చప్పుడుకే విలవిల్లాడే పిల్లలున్నారు, చప్పుడు చాలక బల్లను అదేపనిగా కొట్టే పిల్లలూ ఉన్నారు. ఒకే బిడ్డలో రెండూ ఉండొచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. మీ దగ్గర వెయ్యి మంది పిల్లలు సభ్యులుగా ఉంటే వాళ్లలో ఏడెనిమిది మంది ఉండాలి. ఒక్కరూ కనిపించడం లేదంటే, గుమ్మం దగ్గరే ఏదో అడ్డుపడుతోంది.

మొదలుపెట్టే ముందే మూడు విషయాలు తేల్చుకోండి:

- సర్టిఫికెట్ అడగకూడదు. నిర్ధారణ కాని పిల్లలు, నిర్ధారణ అయినా బయటికి చెప్పుకోని కుటుంబాలు ఉంటాయి. "ప్రశాంతంగా ఉంటే బాగుంటుంది అనుకునే పిల్లలందరికీ" అని రాస్తే చాలు.
- పోస్టరు మీద "ఆటిజంతో బాధపడుతున్న" అని రాయకండి. పేపర్లలో చదివి చదివి మనకు అలవాటైన మాట అది. ఆ పోస్టరు పిల్లలూ చదువుతారు. "ఆటిజం ఉన్న" అంటే సరిపోతుంది.
- "ఇంత కొద్దిమందికి ఇంత హడావుడి ఎందుకు" అని పైఅధికారి అడిగితే, 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్యం ఉన్నవారి హక్కుల ఒప్పందం 30వ అధికరణం చూపించండి. వాళ్లకు అందుబాటులో ఉండాల్సిన సేవల్లో లైబ్రరీలను పేరుపెట్టి చెప్పింది.

## 2. మోకాళ్ల మీద కూర్చుని మీ లైబ్రరీని చూడండి

ఈ అంచెకు ఒక పూట కేటాయించండి. డబ్బు ఖర్చు లేదు, కానీ మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

జనం ఎక్కువగా ఉండే సమయంలో ఒకసారి, ఎవరూ లేనప్పుడు ఒకసారి చూడండి. గేటు దగ్గర మొదలుపెట్టి టాయిలెట్ దాకా, ఆరేడేళ్ల బిడ్డ ఎత్తులో కళ్లు, చెవులు పెట్టి తిరగండి. ప్రతి చోటా రెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి. మొదటి అర నిమిషంలో ఏమీ వినిపించదు. తర్వాత వినిపించడం మొదలవుతుంది: ఫ్యాన్ కిరకిర, చోక్ గుయ్‌మనే శబ్దం, కౌంటర్ దగ్గర బీప్, పుస్తకాల ట్రాలీ చక్రం.

వీలైతే ఒక తల్లినో తండ్రినో, ఆటిజం ఉన్న పెద్దవాళ్లనో వెంట తీసుకెళ్లండి. నేను పదేళ్లుగా కూర్చునే గదిలో నాకు ఎప్పుడూ తగలని వాసనను, ఒక యువకుడు అడుగుపెట్టిన నిమిషంలో పట్టుకున్నాడు. నేల తుడిచే ఫినాయిల్ అది. ఆ తర్వాత తుడిచే పనిని సాయంత్రం మూసేశాక చేసేలా మార్చాం.

చూసుకోవాల్సినవి, వాటి విరుగుడు:

- ట్యూబ్‌లైట్లు: పాత చోక్‌తో నడిచేవి సెకనుకు 100 నుంచి 120 సార్లు మిణుకుమంటాయి. మన కంటికి ఆనదు, కొందరు పిల్లలను మాత్రం ఇబ్బంది పెట్టొచ్చు. ఫోన్ కెమెరాను లైటు వైపు పెట్టి చూడండి. తెర మీద చారలు కదిలితే ఆ లైటు మిణుకుతున్నట్టే. నాసిరకం ఎల్‌ఈడీలదీ ఇదే కథ. మార్చలేకపోతే పిల్లల మూలలో ఆపేసి కిటికీ వెలుతురు వాడండి.
- చేతులు ఆరబెట్టే మెషీన్: దీని గాలి గొట్టం సరిగ్గా పిల్లల చెవి ఎత్తులో ఉంటుంది. కెనడాలో ఒక బడి అమ్మాయి ఈ మెషీన్ల మోత కొలిచి 2019లో పిల్లల వైద్య పత్రికలో ప్రచురించింది. కొన్ని 100 డెసిబెల్స్ దాటాయి. స్విచ్ ఆపేసి పేపర్ టవల్ పెట్టండి.
- కౌంటర్ బీప్: స్కానర్ సెట్టింగ్‌లో శబ్దం తగ్గించే వీలు దాదాపు అన్నింటికీ ఉంటుంది. ఎవరూ ప్రయత్నించి ఉండరు, అంతే.
- కుర్చీ కాళ్లు: అడుగున మందపాటి గుడ్డ ముక్కలు అతికించండి.
- మైకులో ప్రకటనలు: "ఇంకో పది నిమిషాల్లో మూసేస్తాం" అనే మాట హఠాత్తుగా వచ్చిపడుతుంది. బోర్డు మీద రాసి, సిబ్బంది తిరిగి చెబితే చాలు.
- గోడలు: ప్రతి అంగుళం పోస్టర్లతో నింపకండి. పిల్లల మూలలో ఒక గోడను ఖాళీగా వదలండి.
- తప్పించుకునే దారులు: పిల్లల విభాగం నుంచి రోడ్డుకు ఎన్ని తలుపులున్నాయి? ఏది ఎవరి కంటికి కనిపించదు? రాసుకోండి. తొమ్మిదో అంచెలో పనికొస్తుంది.

అన్నీ ఒకేసారి బాగుచేయలేరు. మార్చలేని వాటిని కూడా జాబితాలో ఉంచండి, వాటిని తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

## 3. రాకముందే చూపించే కథ తయారుచేయండి

పిల్లలు రాబోయే చోటును ఫోటోలతో, చిన్న వాక్యాలతో పరిచయం చేసే పుస్తకం ఇది. అమెరికాలో టీచర్‌గా పనిచేసిన కెరోల్ గ్రే 1991లో రూపొందించిన సోషల్ స్టోరీ పద్ధతి దీనికి మూలం. ఆ పద్ధతిలో ముఖ్యమైన సూత్రం: ఏం జరుగుతుందో వివరించే వాక్యాలు ఎక్కువ ఉండాలి, ఏం చేయాలో చెప్పే వాక్యాలు బాగా తక్కువ ఉండాలి. మనవాళ్లు మొదటిసారి రాసినప్పుడు సరిగ్గా తలకిందులుగా రాస్తారు. "అరవకూడదు, పరుగెత్తకూడదు, చించకూడదు" అని పది రూల్స్ వస్తాయి.

ఎలా ఉండాలో ఒక నమూనా:

"ఇది లైబ్రరీ తలుపు. లోపల కౌంటర్ ఉంటుంది. కౌంటర్ దగ్గర ఒకరు కూర్చుంటారు. ఒక్కో రోజు ఒక్కొక్కరు ఉంటారు.

నేను పుస్తకం ఇస్తే వాళ్లు దాన్ని మెషీన్ కింద పెడతారు. బీప్ అని శబ్దం వస్తుంది. శబ్దం వెంటనే ఆగిపోతుంది. కావాలంటే నేను చెవులు మూసుకోవచ్చు.

ఒక్కోసారి నాకు కావాల్సిన పుస్తకం వేరేవాళ్లు తీసుకెళ్లి ఉంటారు. అప్పుడు నా పేరు రాసుకోమని అడగవచ్చు."

"ఒక్కో రోజు", "ఒక్కోసారి" అన్న మాటలు గమనించండి. "కౌంటర్‌లో ఆంటీ ఉంటుంది" అని ఖాయంగా రాసేసి, ఆవిడ సెలవు పెట్టిన రోజు బిడ్డ వచ్చాడంటే మన పుస్తకం అబద్ధమైనట్టే. ఇక దాన్ని నమ్మడు.

తయారుచేసే వరుస:

1. గేటు, తలుపు, కౌంటర్, పిల్లల అరలు, ప్రశాంతమైన మూల (దీని సంగతి ఐదో అంచెలో), టాయిలెట్, బయటికి దారి. ఈ ఏడు ఫోటోలు తీయండి. ఫోటోలో అనవసరమైన జనం వద్దు.
2. ఒక పేజీకి ఒక ఫోటో, రెండు మూడు వాక్యాలు.
3. రెండో అంచెలో మార్చలేకపోయిన చప్పుళ్లు, వాసనలు ఏ పేజీలో వస్తాయో చూసి రాయండి.
4. ఒక తల్లిదండ్రుల జంటకు చదివించి, ఏది మిగిలిపోయిందో అడగండి.
5. ఫోన్‌లో పంపించేలా పీడీఎఫ్, చేతికిచ్చేలా నాలుగు ప్రింట్లు పెట్టుకోండి.
6. కౌంటర్ చోటు మారినా, గోడ రంగు మారినా ఆ ఫోటో మార్చండి. పాత ఫోటో ఉండడం కన్నా పేజీ లేకపోవడం నయం.

## 4. మాటలకు తోడు బొమ్మలు పెట్టండి

మాట గాలిలో కలిసిపోతుంది, బొమ్మ అక్కడే ఉంటుంది. మాట అర్థం చేసుకోవడానికి కాస్త సమయం పట్టే బిడ్డకు ఆ తేడా చాలా పెద్దది.

మూడు రకాలు చాలు. మొదటిది రోజువారీ బోర్డు: వచ్చాను, పుస్తకం చూశాను, కార్డు ఇచ్చాను, ఇంటికి. ఒక్కో పని అయ్యాక దాని బొమ్మ తీసి "అయిపోయింది" డబ్బాలో వేయాలి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పుట్టిన టీచ్ పద్ధతి ఇలాంటి బోర్డులకు నాలుగు ప్రశ్నలు పెడుతుంది: ఏం చేయాలి, ఎంత చేయాలి, అయిపోయిందని ఎలా తెలుస్తుంది, తర్వాత ఏంటి. మీ బోర్డు చూసి ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలరేమో పరీక్షించండి. మూడో ప్రశ్న దగ్గర చాలా బోర్డులు తప్పుతాయి.

రెండోది "ముందు – తర్వాత" కార్డు. రెండే గడులు. ముందు పుస్తకం తిరిగివ్వడం, తర్వాత రైళ్ల పుస్తకం.

మూడోది మాటల బోర్డు. "కావాలి", "వద్దు", "ఆపు", "ఇంకా", "సాయం", "టాయిలెట్", "చప్పుడు ఎక్కువ", "ఇంటికి" లాంటి మాటల బొమ్మలతో ఒక పెద్ద షీటు. కౌంటర్ మీద ఒకటి, పిల్లల ఎత్తులో గోడకు ఒకటి పెట్టండి. సిబ్బంది కూడా మాట్లాడుతూ బొమ్మను వేలితో చూపించాలి. మనం వాడకుండా బిడ్డను వాడమంటే వాడదు.

బొమ్మలు గీయించడానికి ఖర్చు పెట్టకండి. స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంత ప్రభుత్వం నడిపే అరసాక్ వెబ్‌సైట్‌లో వేల బొమ్మలు వ్యాపారేతర పనులకు ఉచితం, మూలం పేరు మాత్రం వేయాలి. స్థలాలకు మాత్రం మీ లైబ్రరీ ఫోటోలే వాడండి.

బిడ్డ తనతో ట్యాబ్‌లో మాట్లాడించే యాప్ తెచ్చుకుంటే, అది ఆటవస్తువు అనుకుని పక్కన పెట్టమనకండి. అది తన నోరు.

## 5. ప్రశాంతమైన మూల

గది లేకపోయినా ఫర్వాలేదు. రెండు అరల మధ్య, జనం నడవని చోట ఆరడుగుల జాగా సరిపోతుంది.

- మసక వెలుతురు, గోడకు ఆనుకునే దిండు, కింద చాప
- చెవులకు పెట్టుకునే చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు రెండు, తుడిచే గుడ్డ
- చేతిలో నలుపుకునే వస్తువులు నాలుగైదు. నోట్లో పెట్టుకునే పిల్లలుంటారు కాబట్టి చిన్న ముక్కలుగా ఊడేవి వద్దు
- ఇసుక గడియారం లేదా మిగిలిన సమయం రంగులో కనిపించే టైమర్

బరువు దుప్పట్లు, ఊయలలు లాంటివి థెరపిస్ట్ సలహా లేకుండా పెట్టకండి.

తలుపు, గడియ ఉండకూడదు. ఎక్కగలిగే అర పక్కన ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, అల్లరి చేసిన బిడ్డను "వెళ్లి అక్కడ కూర్చో" అని పంపిస్తే ఆ మూల ఆ రోజుతో శిక్ష గదిగా మారిపోతుంది. మళ్లీ ఎవరూ ఇష్టంగా వెళ్లరు.

## 6. సిబ్బందికి ఏం నేర్పాలి

శిక్షణ అనగానే లైబ్రేరియన్లను కూర్చోబెడతారు. గేటు దగ్గర బిడ్డకు మొదట ఎదురయ్యేది వాచ్‌మన్. టాయిలెట్ దగ్గర ఎదురయ్యేది ఊడ్చే ఆవిడ. వాళ్లతో మొదలుపెట్టండి. ఒక గంట చాలు.

నేర్పాల్సిన మొదటి సంగతి ఆగడం. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. మనం నాలుగో అంకె దగ్గరే అదే ప్రశ్నను వేరే మాటల్లో అడుగుతాం. అప్పుడు బిడ్డ మళ్లీ మొదటి నుంచి అర్థం చేసుకోవాలి. తిరిగి అడగాల్సివస్తే అవే మాటలతో అడగండి.

రెండోది సూటిగా మాట్లాడడం. మన భాషలో మాటకో నానుడి దొర్లుతుంది. ఓసారి లైబ్రరీకి వచ్చిన ఒకాయన, పలకరిస్తే పలకని బాబుతో "ఏరా, నోట్లో నాలుక లేదా?" అన్నారు. వాడు నాలుక బయటపెట్టి చూపించాడు. ఆయన వాడికి పొగరనుకున్నారు. వాడు మాత్రం అడిగినదానికి జవాబిచ్చాడు.

ముద్దుగా "నాన్నా", "బంగారం" అని పిలవడం కూడా ఇంతే. నాన్న ఇంట్లో ఉన్నాడని తెలిసిన బిడ్డకు ఆ పిలుపు తనకని తట్టదు. ముందు పేరు పిలవండి, ఆగండి, తర్వాత విషయం చెప్పండి.

ఇలా మార్చుకోండి:

- "పరుగెత్తకు" బదులు "మెల్లగా నడువు". చేయకూడనిది చెబితే చేయాల్సింది ఏమిటో తెలియదు.
- "ఒక్క నిమిషం ఆగు" బదులు "ఈ మూడు పుస్తకాలు చూసి నీ దగ్గరికి వస్తాను". నిమిషం అంటే అరవై సెకన్లే అనుకునే బిడ్డ ఉంటాడు.
- "ఏం కావాలి?" బదులు రెండు పుస్తకాలు పట్టుకుని "రైళ్లా, చేపలా?"
- "నా వైపు చూడు" అసలు వద్దు. చూడకుండానే బాగా వినగలిగే పిల్లలు చాలామంది.
- భుజం మీద చెయ్యి, బుగ్గ గిల్లడం వద్దు. ఎంత ప్రేమైనా సరే.

చేతులు ఆడించడం, ఊగడం, ఒకే మాట మళ్లీ మళ్లీ అనడం బిడ్డ తనను తాను కుదుటపరుచుకునే పద్ధతులు. ఎవరికీ దెబ్బ తగలనంత వరకు ఆపకండి. మీరు అడిగిన ప్రశ్ననే తిరిగి అప్పజెబితే అది వెక్కిరింత కాదు, ఆలోచించుకుంటున్నాడని అర్థం కావచ్చు.

మిగతా పాఠకులు విసుక్కుంటే తల్లి దగ్గరికి వెళ్లి సర్దిచెప్పుకోమనకండి. విసుక్కునేవాళ్ల దగ్గరికే వెళ్లి, "ఆ బాబు కూడా మన సభ్యుడేనండీ. మీకు అటువైపు కుర్చీ వేయిస్తాను, రండి" అనండి.

## 7. ప్రశాంత గంట మొదలుపెట్టండి

ఇప్పుడు మాత్రమే పిల్లల్ని పిలవండి. అయినా ప్రోగ్రామ్ ఇంకా వద్దు. నెలకు రెండుసార్లు, లైబ్రరీ తెరిచే సమయానికి ఒక గంట ముందు, వాళ్ల కోసం తలుపు తీయండి.

లైట్లు సగం, మైకు లేదు, బీప్ లేదు, ఎవరూ "ష్" అనరు. కథ చెప్పడం లేదు, బొమ్మలు వేయించడం లేదు. వచ్చి చూసుకుని, కావాలంటే ఐదు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. ఐదు నిమిషాల రాక కూడా రాకే.

- వారంలో అదే రోజు, అదే టైమ్. కనీసం మూడు నెలలు మార్చకండి.
- అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లనూ రానివ్వండి. లేకపోతే తల్లి ఒక్కతే రాలేదు.
- ముందుగా పేరు నమోదు చేసుకోమనవచ్చు. రాకపోతే కారణం అడగకండి. గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లు కూడా ఉంటారు.

మొదటి రెండుసార్లు ఇద్దరే వచ్చారని ఆపేయడం నేను చూసిన అతి పెద్ద తప్పు. ఈ కబురు ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి నిదానంగా పాకుతుంది.

## 8. కథల గంట

ఆరుగురు పిల్లలు దాటకుండా చూసుకోండి. పేరు రాసుకునేటప్పుడే ఇంట్లోవాళ్లను ఐదు ప్రశ్నలు అడగండి: ఏదంటే ఇష్టం, ఏ చప్పుడు పడదు, కావాల్సింది ఎలా చెబుతుంది, ఇబ్బంది పెరుగుతోందని ఎలా తెలుస్తుంది, అప్పుడు ఏం చేస్తే కుదుటపడుతుంది.

పేరు కథల గంటే గానీ నడిపేది దాదాపు అరగంట:

- మొదటి 5 నిమిషాలు: వచ్చినవాళ్లు తమ పేరు కార్డును బోర్డుకు అతికించి, ఇష్టమైన చోట కూర్చోవడం
- 2 నిమిషాలు: పలకరింపు పాట. ప్రతిసారీ ఇదే పాట, ఇదే రాగం
- 2 నిమిషాలు: ఈ రోజు ఏమేం చేస్తామో బొమ్మల బోర్డు చూపించడం
- 6 నిమిషాలు: కథ
- 5 నిమిషాలు: లేచి కదలడం. గెంతడం, గోడను తోయడం, పాకడం
- 6 నిమిషాలు: అదే కథ మళ్లీ, ఈసారి చేతిలో వస్తువులతో
- 4 నిమిషాలు: సబ్బు బుడగలు, నీళ్లలో చేతులు లాంటిది ఒకటి
- చివరి పాట, పేరు కార్డు తీసి డబ్బాలో వేయడం

కథ రెండుసార్లు ఎందుకని అడుగుతారు. మొదటిసారి ఏం జరుగుతుందో తెలియదు, రెండోసారి తెలుసు. ముఖాలు విచ్చుకునేది రెండోసారే.

పుస్తకం ఎంచుకునేటప్పుడు ఒకే వాక్యం తిరిగి తిరిగి వచ్చేది, పేజీకి ఒకటే స్పష్టమైన బొమ్మ ఉండేది చూడండి. ఆ వాక్యాన్ని బటన్ నొక్కితే పలికే చిన్న రికార్డర్‌లో పెడితే, మాట్లాడని బిడ్డ కూడా తన వంతు చెప్పగలదు.

చేతికిచ్చే వస్తువులు అందరికీ ఒకేలాంటివి, ఒక్కొక్కరికి ఒకటి చొప్పున ఉండాలి. ఒకే కప్ప బొమ్మను చేతులు మారుస్తూ ఆడిద్దామనుకుంటే, నాలుగో బిడ్డ దగ్గరికి చేరేలోపు కథ ఆగిపోతుంది.

అందరూ మీ ముందు బుద్ధిగా కూర్చోవాలని పట్టుబట్టకండి. మా దగ్గర ఒక పాప ఐదు వారాలు బల్ల కిందే పడుకుంది. ఒక్కసారీ పుస్తకం వైపు చూడలేదు. ఆరో వారం నేను ఒక పేజీ పొరపాటున దాటేస్తే, బల్ల కింద నుంచి ఆ పేజీలో ఉన్న వాక్యం వినిపించింది.

అయిపోయాక పావుగంట గది ఖాళీ చేయించకండి. పెద్దవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది అప్పుడే.

## 9. మెల్ట్‌డౌన్ వస్తే, బిడ్డ కనిపించకపోతే

మారాం చేసే బిడ్డకు ఏదో కావాలి. మధ్యమధ్యలో మనం చూస్తున్నామో లేదో చూస్తుంది. మెల్ట్‌డౌన్‌లో ఉన్న బిడ్డకు ఏమీ అక్కర్లేదు, మోయలేనంత భారం మీద పడింది. బతిమాలినా, బెదిరించినా, బహుమతి ఇస్తామన్నా పనిచేయదు. కొందరు అరవరు, బిగుసుకుపోయి మౌనంగా ఉండిపోతారు. అదీ ఇదే.

1. చుట్టుపక్కల వాళ్లను పక్కకు పంపండి. ఫోన్ తీసి వీడియో తీసేవాళ్లను ఆపండి.
2. లైటు, ఫ్యాన్, శబ్దం, ఏది ఆపగలిగితే అది ఆపండి.
3. ఒక్కరే మాట్లాడండి. అదీ ఇంట్లోవాళ్లయితే మేలు. మీరు చెప్పాల్సింది వాళ్లకు ఒకటే: "తొందరేం లేదమ్మా, మేం ఇక్కడే ఉన్నాం. ఏం చేయమంటారు?"
4. దెబ్బ తగిలే వస్తువులు జరపండి. ప్రమాదం ఉంటే తప్ప బిడ్డను పట్టుకోకండి.
5. తగ్గాక ప్రశ్నలు, నీతులు వద్దు. నీళ్లు, మూల, మౌనం.
6. మర్నాడు ఫోన్ చేసి "వచ్చేసారి రండి" అని చెప్పండి. ఆ ఫోన్ రాకపోతే ఆ కుటుంబం సిగ్గుపడి మళ్లీ రాదు.

తప్పిపోవడం విషయంలో మాత్రం నిదానం పనికిరాదు. 2012లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనంలో, ఆటిజం ఉన్న పిల్లల్లో 49 శాతం మంది నాలుగేళ్లు దాటాక కనీసం ఒక్కసారి ఉన్నచోటు నుంచి వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తేలింది.

ముందే తేల్చుకోండి: ఏ తలుపు దగ్గర ఎవరు నిలబడతారు, పోలీసులకు ఫోన్ ఎవరు చేస్తారు. నీళ్లంటే వీళ్లలో చాలామందికి విపరీతమైన ఆకర్షణ. దగ్గర్లో కుంట, కాలువ, నీటితొట్టి ఉంటే గది గది వెతకడానికి ముందే ఒకరు అటు పరుగెత్తాలి. పేరు పెట్టి పిలిస్తే పలకకపోవచ్చని వెతికేవాళ్లందరికీ చెప్పండి. అగ్నిప్రమాదపు తలుపులకు తాళాలు మాత్రం వేయకండి, తెరిస్తే మోగే గంట పెట్టండి.

## 10. పుస్తకాలు, కార్డులు, జరిమానాలు

ఒకే విషయం మీద విపరీతమైన ఇష్టం ఉండడం వీళ్లలో తరచూ కనిపిస్తుంది. లైబ్రరీకి ఇంతకన్నా మంచి సభ్యుడు దొరకడు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణలో డైనోసార్లు 567.9, రైలుమార్గాల నిర్మాణం 625, గ్రహాలు, నక్షత్రాలు 523. ఈ అంకెలను పిల్లల ఎత్తులో బొమ్మతో సహా అతికించండి. వారం తిరక్కుండా ఎవరో ఒకరు మీ అరలో తప్పుగా పెట్టిన పుస్తకాన్ని సరిచేస్తారు.

"ఎప్పుడూ ఇదేనా, వేరేది చదువు" అనకండి. అదే పుస్తకాన్ని పద్నాలుగోసారి రెన్యూ చేయమన్నా చేయండి. కొత్తది ఇవ్వాలనుకుంటే ఇష్టమైనదాని పక్కన పెట్టి వదిలేయండి.

చిరిగిన పుస్తకానికి జరిమానా భయం ఈ కుటుంబాలను దూరం పెడుతుంది. మొదటి కొన్నిసార్లు వదిలేసే అధికారం కౌంటర్‌లో ఉన్నవాళ్లకే రాసి ఇవ్వండి. గట్టి అట్ట పుస్తకాలు విడిగా పెట్టుకోండి.

తల్లిదండ్రుల అర మీద కన్నేసి ఉంచండి. ఆటిజాన్ని "పూర్తిగా నయం చేస్తాం" అనే పుస్తకాలు విరాళంగా బోలెడు వస్తాయి. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న ప్రచారానికి ఊపిరిపోసిన 1998 నాటి పరిశోధనా పత్రాన్ని, ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. అలాంటివి ఆరోగ్యం అరలోకి చేరకుండా చూడడం లైబ్రేరియన్ పనే.

పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లలను చిన్నపిల్లల చాపల మీద కూర్చోబెట్టకండి. పుస్తకాలు అరల్లో సర్దడం, బార్‌కోడ్లు సరిచూడడం లాంటి పని ఇవ్వండి. ఏం చేయాలో బొమ్మలతో జాబితా రాసివ్వండి.

## 11. మార్పు వచ్చినప్పుడు

ఎంత జాగ్రత్తపడ్డా మార్పు వస్తుంది. మా కౌంటర్‌లో తేదీ ముద్ర తీసేసి, మెషీన్ నుంచి చీటీ వచ్చే పద్ధతి పెట్టిన వారం ఇది. ప్రతి శనివారం వచ్చే ఎనిమిదేళ్ల బాబు పుస్తకం ఇచ్చి, ముద్ర పడే చోటు తెరిచి పట్టుకున్నాడు. చీటీ వచ్చింది. తీసుకోలేదు. వెనక లైన్ పెరుగుతున్నా కదల్లేదు. కౌంటర్‌లో ఉన్నావిడ ఏమీ మాట్లాడకుండా సొరుగు లాగి, పాత ముద్ర, ఊదారంగు ఇంకు ప్యాడ్ తీసి, ఆ చీటీ మీదే ఒకటి గుద్దింది. వాడు తడి ఆరని తేదీని వేలితో తాకి, వాసన చూసి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లాడు.

ఆవిడకు తట్టింది కాబట్టి సరిపోయింది. పాత పద్ధతి తీసేసే రెండు వారాల ముందే, కొత్త చీటీ ఫోటోను మూడో అంచెలో చెప్పిన పుస్తకంలో చేర్చి ఇంటికి పంపాల్సింది మేం.

అనుకోకుండా వచ్చేవాటికి ఒక "మార్పు" కార్డు లామినేట్ చేసి సొరుగులో ఉంచుకోండి. మెరిసే రంగు, ఒకే గుర్తు. కథ చెప్పే మనిషి మారినా, గది మారినా, ఆ రోజుకు రద్దయినా బోర్డు మీద పాత బొమ్మ పక్కన దాన్ని పెట్టి చూపించండి. చిన్న మార్పులప్పుడు, మంచి మార్పులప్పుడు కూడా వాడి అలవాటు చేయండి. ప్రతిసారీ చెడు కబురుతోనే వస్తే కార్డును చూడగానే బెదురుతారు.

రద్దయిన రోజు ఆ కార్డు మీద కారణం రాయకపోయినా ఫర్వాలేదు. మళ్లీ ఏ తారీఖు, ఎన్ని గంటలకో మాత్రం రాయండి.